క్లచ్ పోయిందా? పైసలు పంపేముందు ఈ ప్రశ్నలు అడగండి

‘అన్నా, బండి క్లచ్ పోయింది. మెకానిక్ మొత్తం విప్పాలంటున్నడు. జల్ది పైసలు పంపు.’

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లలో ఈ మాట వినని ట్రాక్టర్ ఓనర్ ఉండడు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి, ఇటు కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఇక్కడి సంపాదనతో ఊళ్లో ఓ పాత ట్రాక్టర్ కొని తమ్ముడి చేతిలోనో, బామ్మర్ది చేతిలోనో పెట్టారు. ఆ ఫోన్ రాగానే మనకు కళ్ల ముందు కనిపించేది నెల జీతం. అవతలివాడికి కనిపించేది మడిలో ఆగిన దమ్ము, బండి కోసం ఎదురుచూస్తున్న నలుగురు రైతులు. ఇద్దరి బాధా నిజమే. కానీ ఈ తొందరలోనే అక్కర్లేని ఖర్చులు జరిగిపోతాయి. ఆ తర్వాత ‘నిజంగానే పోయిందా, లేక...’ అనే అనుమానం అన్నదమ్ముల మధ్య మిగిలిపోతుంది.

అందుకే మేం చెప్పదలచింది ఒక్కటే. ‘క్లచ్ పోయింది’ అన్నది రోగం పేరు కాదు. ‘కడుపు నొస్తోంది’ అన్నట్టు అదొక లక్షణం మాత్రమే. వెనక ఉన్నది పది రూపాయల పిన్ను అరుగుదల కావచ్చు, బండిని రెండుగా విడదీయాల్సిన పెద్ద పని కావచ్చు. ఏది అన్నది తెలియాలంటే ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. సరైన ప్రశ్నలు అడిగితే చాలు. వేల మైళ్ల దూరంలో ఉన్నా ఫోన్‌లోనే సగం సంగతి తేలిపోతుంది.

క్లచ్ చేసే పని రెండే

మాసీ 1035, మహీంద్రా 275, స్వరాజ్ 735, హెచ్‌ఎంటీ... ఊళ్లలో తిరిగే పాత బండ్లన్నిటిలోనూ సూత్రం ఒకటే. ఇంజిన్ వెనక బరువైన ఫ్లైవీల్ తిరుగుతుంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టేది ప్రెషర్ ప్లేటు, దాని స్ప్రింగులు. ప్లేటు ఫ్లైవీల్‌తో కలిసి తిరిగితే ఇంజిన్ బలం గేర్‌బాక్సుకు, అక్కడి నుంచి చక్రాలకు చేరుతుంది.

పెడల్ తొక్కితే ఒక రాడ్డు కదులుతుంది. ఆ రాడ్డు ఫోర్క్‌ను తిప్పుతుంది. ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ను ముందుకు నెడుతుంది. బేరింగ్ పోయి ప్రెషర్ ప్లేటు ఫింగర్లను నొక్కుతుంది. అప్పుడు పట్టు వదులై ప్లేటు విడిపోతుంది. కాలు తీస్తే మళ్లీ పట్టుకుంటుంది.

అంటే క్లచ్ పనులు రెండే. పట్టుకోవడం, వదలడం. కాబట్టి ఫోన్ రాగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత అవుతుంది?’ కాదు. ‘పట్టుకోవడం లేదా, వదలడం లేదా?’ అని.

పట్టు జారుతుంటే...

లోడు పడగానే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి మాత్రం ముందుకు పోదు. కాలిన వాసన వస్తుంది. ఇది క్లచ్ జారడం. ఇక్కడ ఒక తేడా గమనించాలి. లోడు మీద ఇంజిన్ మోత పెరిగి బండి వేగం తగ్గితే తప్పు క్లచ్‌ది. మోత, వేగం రెండూ కలిసి పడిపోతుంటే క్లచ్‌ను అనుమానించక్కర్లేదు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిందా, ఎయిర్ క్లీనర్ దుమ్ముతో నిండిందా, బ్రేకులు పట్టేస్తున్నాయా అన్నవి ముందు చూడాలి. క్లచ్ మార్చినా ఆ బండి లాగదు.

జారుతోందో లేదో తేల్చుకోవడానికి పాతకాలం నుంచి ఒక పరీక్ష ఉంది. ట్రాలీ విప్పేసి, బండిని ఖాళీ జాగాలో నిలపాలి. ముందూ వెనకా మనుషులు ఉండకూడదు. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చేయాలి. పెద్ద గేరు వేసి, ఇంజిన్‌కు కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్ మెల్లగా వదలాలి. మంచి క్లచ్ అయితే ఇంజిన్ ఆగిపోతుంది. క్లచ్ పూర్తిగా వదిలినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. వెంటనే పెడల్ తొక్కి ఆపేయాలి. ఇది కొన్ని సెకన్ల పరీక్ష, ఒక్కసారి చాలు. పదేపదే చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది.

జారడానికి కారణాలు ఎక్కువ లేవు. పెడల్‌కు ఫ్రీ ప్లే లేకపోవడం, ప్లేటు లైనింగ్ అరిగిపోవడం, స్ప్రింగులు బలం తప్పడం, ప్లేటు మీద ఆయిల్ పడటం. వీటిలో మొదటిది స్పానర్‌తో సరిచేసే పని. మిగతావాటికే బండి విప్పాలి.

వదలకపోతే...

పెడల్ నేల దాకా తొక్కినా గేరు పడదు, పడినా గరగరమంటుంది. గేరులో ఉండగా పెడల్ తొక్కినా బండి నెమ్మదిగా పాకుతుంది. ఇది క్లచ్ వదలకపోవడం. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, పెడల్ పూర్తిగా తొక్కి, పది సెకన్లు ఆగి రివర్స్ గేరు వేయమనండి. అప్పటికీ పళ్లు రాసుకున్న శబ్దం వస్తే అనుమానం నిజమే.

కానీ ఈ ఫిర్యాదుల్లో చిన్న రిపేర్లే ఎక్కువ. పెడల్‌కూ రాడ్డుకూ మధ్య ఉండే పిన్నులు, వాటి రంధ్రాలు ఏళ్ల తరబడి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వస్తాయి. తొక్కిన తొక్కులో సగం ఆ లూజులోనే పోతుంది. ఫోర్క్ షాఫ్టు బుష్షులు అరిగినా అంతే. పిన్ను, బుష్షు మార్చి, గ్రీజు కొట్టి, రాడ్డు సరిచేస్తే పని అయిపోతుంది.

ఇంకో సందర్భం ఉంది. వానాకాలమంతా ఆరుబయట నిలబడిన బండిలో ప్లేటు తుప్పు పట్టి ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. ‘రెండు నెలలుగా బండి తీయలేదు, ఇప్పుడు ఒక్క గేరూ పడతలేదు’ అంటే చాలావరకు ఇదే. ఇక్కడ ప్లేటు పోయిందని ముందే తేల్చేయకూడదు. అనుభవమున్న మెకానిక్ ఇంజిన్ వేడెక్కించి, పెడల్ తొక్కి ఉంచి, విశాలమైన పొలంలో బండిని నడిపి బ్రేకులతో విడదీస్తాడు. కుర్రాళ్లు ఊరి బజారులో చేసే ప్రయోగం కాదిది. బండిని నెలల తరబడి నిలిపే పక్షంలో పెడల్‌ను తొక్కి, చెక్క ముక్క అడ్డం పెట్టి ఉంచితే అతుక్కోవడం అనే గొడవే ఉండదు.

అదురు, మోత

క్లచ్ వదిలేటప్పుడు బండి దడదడా అదిరి కదిలితే ప్లేటు మీద ఆయిల్ పడిందేమో, ఫింగర్లు ఎత్తు పల్లాలుగా ఉన్నాయేమో, ఫ్లైవీల్ ముఖం వంకరపోయిందేమో చూడాలి. క్లచ్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి ఏం కారుతోందో ఫొటో తీసి పంపమనండి. పల్చగా నల్లగా ఉంటే ఇంజిన్ ఆయిల్, అంటే క్రాంక్ వెనక సీలు పోయింది. చిక్కగా, ఘాటు వాసన వస్తుంటే గేర్ ఆయిల్, అంటే గేర్‌బాక్సు షాఫ్టు సీలు. బురద నీళ్లు కారితే దమ్ములో లోపలికి నీరు పోయింది. కొన్ని మోడళ్లలో దమ్ముకు దిగే ముందు ఈ రంధ్రానికి ప్లగ్గు పెట్టాలి, పని కాగానే మళ్లీ తీసేయాలి. తీయడం మరిచిపోతే లోపల కారిన ఆయిల్ బయటికి రాదు, ప్లేటు మీదికి పోతుంది.

మోతకు కూడా ఒక లెక్క ఉంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను మెల్లగా తొక్కుతూ చెవి పెట్టాలి. కాలు అలా ఆనగానే కీచుమని మొదలైతే రిలీజ్ బేరింగ్. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే వస్తే ఫ్లైవీల్ మధ్యలో ఉండే పైలట్ బేరింగ్. పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కితే ఆగిపోతే అది క్లచ్ మోత కాదు, గేర్‌బాక్సు ముందు బేరింగ్‌ది. ఈ మోతను ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపమంటే, మన క్యాంపులో ఉన్న హెవీ ఎక్విప్‌మెంట్ మెకానిక్ ఎవరైనా విని చెప్పగలడు.

విప్పేముందు పెడల్ కొలవాలి

పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంత దూరం వట్టిగా దిగుతుంది. ఆ తర్వాత గట్టితనం తగులుతుంది. ఆ వట్టి దూరమే ఫ్రీ ప్లే. పాత మోడళ్లలో ఇది ఇంచుమించు ఒక అంగుళం ఉంటుంది. అసలు లెక్క ఆ బండి మాన్యువల్‌లో ఉన్నదే.

ప్లేటు అరిగేకొద్దీ ఈ ఫ్రీ ప్లే తగ్గుతూ వస్తుంది. ఎందుకంటే లైనింగ్ పల్చబడితే ప్రెషర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, దాని ఫింగర్లు వెనక్కి, అంటే బేరింగ్ వైపు వస్తాయి. చివరికి బేరింగ్ ఎప్పుడూ ఫింగర్లను ఆనుకునే ఉంటుంది. అంటే ఎవరూ తొక్కకపోయినా సగం క్లచ్ తొక్కినట్టే లెక్క. ప్లేటు జారుతుంది, కాలుతుంది, బేరింగ్ కూడా పోతుంది. మూడు నెలలకోసారి స్కేలు పెట్టి కొలిచి, లాక్ నట్టు వదులు చేసి రాడ్డు సరిచేసి మళ్లీ బిగిస్తే తప్పే నష్టమిది. ఫ్రీ ప్లే మరీ ఎక్కువైతే దీనికి వ్యతిరేకం. క్లచ్ వదలదు, గేర్లు గరగరమంటాయి.

అందుకే ‘మొత్తం విప్పాలి’ అన్న మెకానిక్‌ను మీ తమ్ముడితో అడిగించాల్సిన మాట ఒకటి. ‘అన్నా, ఫ్రీ ప్లే ఎంతుంది? సరిచేసి చూసినవా?’ అని. తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నకు కోపగించుకోడు, కొలిచి చూపిస్తాడు. రాడ్డు మీద ఇక తిప్పడానికి మరలు మిగల్లేదు, అయినా జారుతోంది అంటే ప్లేటు వయసు అయిపోయింది. అప్పుడు పైసలు పంపడానికి వెనకాడొద్దు.

కొన్ని మాసీ మోడళ్లలో డ్యూయల్ క్లచ్ ఉంటుంది. పెడల్ సగం తొక్కితే చక్రాలకు పోయే బలం ఆగుతుంది, పూర్తిగా తొక్కితే పీటీవో కూడా ఆగుతుంది. ఇందులో ప్లేట్లు రెండు, ఫింగర్ల సెట్టింగు వేరు, ఖర్చూ ఎక్కువ. మీ బండి సింగిలా, డ్యూయలా అన్నది ముందే తెలుసుకుని ఉంచుకోండి. ఎస్టిమేటు చూసేటప్పుడు అక్కరకొస్తుంది.

విడదీయక తప్పనప్పుడు

కారులో లాగా గేర్‌బాక్సు ఒక్కటే దించితే ట్రాక్టర్‌కు సరిపోదు. బండిని నడుము దగ్గర రెండుగా విడదీయాలి. ముందు భాగం ఇంజిన్, వెనక భాగం గేర్‌బాక్సు. ప్లేటు ఒక్కటి మార్చినా, అన్నీ మార్చినా ఈ విడదీసే కూలి ఒకటే. మనవాళ్లు పొదుపు చేస్తున్నామనుకుని పొరపాటు పడేది ఇక్కడే. ప్లేటు ఒక్కటే వేసి, పాత రిలీజ్ బేరింగ్‌నే మళ్లీ బిగిస్తారు. అది ఆరు నెలలకు పోతే మళ్లీ అదే కూలి, మళ్లీ ఆగిన సీజను. కాబట్టి విడదీసినప్పుడు ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్, క్రాంక్ వెనక సీలు, గేర్‌బాక్సు షాఫ్టు సీలు కలిపి మార్చేయడమే అసలైన పొదుపు. ప్రెషర్ ప్లేటు, ఫోర్క్ బుష్షులు చూసి, అరిగితేనే మార్చాలి.

ఫ్లైవీల్ ముఖం మీద నీలి మచ్చలు, సన్నని పగుళ్లు, గాళ్లు ఉన్నాయా అన్నది ఫొటోలో కనిపిస్తుంది. గాళ్లు ఉంటే లేత్ షాపులో ముఖం తీయించాలి. పగుళ్లు లోతుగా ఉంటే మార్చాల్సిందే. గరుకు ఫ్లైవీల్ మీద కొత్త ప్లేటు వేస్తే ఎంతో కాలం మన్నదు.

బిగించేటప్పుడు చూడాల్సినవి ఇంకొన్ని. ప్లేటుకు ముందు వైపు, వెనక వైపు అని తేడా ఉంటుంది, తిరగేసి వేయకూడదు. ప్లేటు నడిమధ్యన కూర్చోవడానికి పాత షాఫ్టో, అలైన్‌మెంట్ టూలో వాడాలి. ఫింగర్ల ఎత్తు అన్నీ సమానంగా ఉండాలి. షాఫ్టు పళ్లకు గ్రీజు పూత పూసినట్టు ఉంటే చాలు. ఎక్కువ పెడితే అది చిమ్మి ప్లేటు మీద పడుతుంది. సీలు చేసిన రిలీజ్ బేరింగ్‌ను డీజిల్‌లో కడగొద్దు, లోపలి గ్రీజు కరిగిపోతుంది.

ప్రాణం కన్నా సీజను ఎక్కువ కాదు

ఈ పనిలో ప్రమాదం ఉంది. ట్రాక్టర్ ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంటుంది. బండిని విడదీయగానే ఇంజిన్ భాగం ఏదో ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకే ముందు ఇరుసుకు రెండు వైపులా చెక్క ఆప్‌లు బిగించాకే బోల్టులు విప్పాలి. వెనక భాగం కింద గట్టి స్టాండు ఉండాలి. ఇటుకలు పేర్చి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరడం ఆత్మహత్యతో సమానం. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. పొలం గట్టున చేసే పని కాదిది. బ్యాటరీ వైరు ముందే తీసేయాలి.

ఇంకో మాట. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రమాదం. హౌసింగ్ లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు. తడిగుడ్డతో తుడవాలి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. ఇక్కడ సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్ రోజూ చెప్పే మాటలే ఇవి. ఇంటి దగ్గర చెప్పడానికి మనం తప్ప ఎవరూ ఉండరు.

షావెల్ కాలు, ట్రాక్టర్ కాలు

గల్ఫ్‌లో పదేళ్లు షావెల్ నడిపి ఊరికి పోయి ట్రాక్టర్ ఎక్కేవాళ్లకు ఒక హెచ్చరిక. షావెల్‌లో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లోడు మీద నిలబెట్టి రేజ్ ఇచ్చినా అది ఆయిల్‌తో సర్దుకుంటుంది. ట్రాక్టర్‌లో ఆ పని చేసేది పల్చని ప్లేటు లైనింగ్. ఇసుక ట్రాలీతో గడ్డ ఎక్కుతూ హాఫ్ క్లచ్‌లో ఆపితే ఆ వేడంతా ప్లేటు మీదే పడుతుంది. పెడల్ మీద కాలు ఆనించి నడపడం కూడా అంతే చేటు. దమ్ములో బండి దిగబడినప్పుడు క్లచ్ కొట్టి కొట్టి లాగడం, రోటవేటర్‌ను ఫుల్ రేజ్‌లో ఒక్కసారిగా కలపడం ఒక్క సీజన్‌లోనే ప్లేటును తినేస్తాయి. చిన్న గేరు వేసి మెల్లగా కదలడం, కదలగానే కాలు పూర్తిగా తీసేయడం, ఆగినప్పుడు న్యూట్రల్ చేయడం. క్లచ్‌కు ఇంతకన్నా మంచి మందు లేదు.

ఫోన్‌లో అడగాల్సినవి

1. పట్టు జారుతోందా, వదలడం లేదా, అదురుతోందా, మోతేనా?
2. లోడు మీద ఇంజిన్ మోత పెరుగుతోందా, తగ్గుతోందా?
3. పెడల్ ఫ్రీ ప్లే ఎంత? స్కేలు పెట్టిన ఫొటో పంపగలవా?
4. రాడ్డు పిన్నులు, బుష్షులు అరిగాయా?
5. హౌసింగ్ కింది రంధ్రం నుంచి ఏమన్నా కారుతోందా?
6. బండి ఎన్నాళ్లు కదలకుండా ఉంది?
7. క్లచ్ కిందటిసారి ఎప్పుడు మార్చారు, ఏమేం మార్చారు?

విప్పాల్సి వస్తే ఎస్టిమేటు మొత్తం ఒకే అంకె కాకుండా కూలి వేరు, పార్టులు వేరుగా రాయించండి. పార్టు నంబరు, ఎంఆర్‌పీ ఉన్న డబ్బాల ఫొటో, తీసిన పాత పార్టులు ఇంటికి తెప్పించడం అలవాటు చేయండి. హెచ్‌ఎంటీ లాంటి బండి అయితే ఇంకో జాగ్రత్త. ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. కాబట్టి పార్టులు చేతికి వచ్చాకే బండి విడదీయమనండి. లేకపోతే రెండు ముక్కలై షెడ్డులో పడి ఉంటుంది.

ఇవన్నీ తమ్ముణ్ని నిలదీయడానికి కాదు. ‘నువ్వు చెప్పు, ఇద్దరం చూద్దాం’ అన్నట్టు అడిగితే అతనికీ ధైర్యం. మెకానిక్ ముందు అతనూ తెలిసినవాడిలా నిలబడతాడు. ఈసారి సెలవు రోజు తీరిగ్గా ఫోన్ చేసి, బండి బాగున్నప్పుడే ఫ్రీ ప్లే కొలిపించి ఆ అంకె రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలిపించండి. అంకె తగ్గుతుంటే క్లచ్ ముందుగానే కబురు పెట్టినట్టు. అసలు రిపేరు ఉంటే ఎండాకాలంలో, నాట్లకు ముందే చేయించేయండి. వానాకాలం నడిమధ్యలో పంపే వెయ్యి రూపాయల కన్నా మే నెలలో పంపే వంద రూపాయలు ఎక్కువ పని చేస్తాయి.